విమానం రన్‌వే దాటి పొలంలోకి దూసుకొస్తే ఏం చేయాలి

భోగాపురంలో రన్‌వే పడిన దగ్గర్నుంచి సవరవిల్లి వైపు ఏ చుట్టాలింటికి వెళ్లినా నాకు ఒకటే ప్రశ్న. "బ్రేకులు పడకపోతే మన జీడితోటలోకి వచ్చేస్తాదేటి బావా?" విమానాశ్రయాల ఫైర్ సర్వీసులో చాలా ఏళ్లు పనిచేసి ఊరు చేరినవాణ్ని, నన్ను అడగడం న్యాయమే. "రాదులే" అనేసి కాఫీ తాగి వచ్చేస్తే నాకూ సుఖమే. కానీ వస్తే ఏం చేయాలో ఊరికి నలుగురికైనా తెలిసి ఉండాలి కదా అనిపించి ఇది రాస్తున్నాను.

ముందు భయం సంగతి చూద్దాం. భోగాపురం రన్‌వే పొడవు 3.8 కిలోమీటర్లు. శిక్షణకు ఎక్కువగా వాడే నాలుగు సీట్ల సెస్నా 172 విమానం 50 అడుగుల ఎత్తు నుంచి దిగి పూర్తిగా ఆగడానికి, అన్నీ సవ్యంగా ఉంటే, సుమారు 400 మీటర్లు చాలు. అంటే ఆ రన్‌వే మీద అలాంటివి తొమ్మిది వరుసగా దిగొచ్చు. కాబట్టి చిన్న విమానం అక్కడ చివరిదాకా వెళ్లి గోడ దూకడం అరుదు. పక్కకు జారి గడ్డిలోకి పోవడం, ఇంజిన్ ఆగి రన్‌వేకి ముందే పొలంలో దిగడం, పొట్టి రన్‌వేల దగ్గర చివర దాటిపోవడం, ఇవే ఎక్కువ. ఏది జరిగినా మనం చేయాల్సిన పని దాదాపు ఒకటే.

విమానాశ్రయం లోపలైతే ఫైరింజన్ రన్‌వేలో ఏ మూలకైనా 3 నిమిషాల్లో చేరాలని అంతర్జాతీయ నిబంధన. గోడ బయట ఆ లెక్క పనిచేయదు. గేటు తెరవాలి, మట్టిరోడ్డు వెతకాలి, గట్లు దాటాలి. ఆ లోపు అక్కడ ఉండేది మీరే. చిన్న విమానం రన్‌వే చివర దాటేసరికి వేగం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. లోపలివాళ్లు చాలాసార్లు తమ కాళ్ల మీద తామే బయటికి వస్తారు. నేను చూసిన వాటిలో కొన్ని దెబ్బలు విమానం ఆగిన తర్వాత, సాయానికి వచ్చినవాళ్ల చేతుల్లో తగిలినవి. అందుకే దీన్లో "చేయండి"లతో పాటు "చేయకండి"లు కూడా చాలా ఉంటాయి.

అసలు ఎందుకు ఆగదు

దీని మీద ఎక్కువ చెప్పను, కానీ ఒక్క లెక్క తెలుసుకోండి. దిగే వేగం పదోవంతు పెరిగితే ఆగే దూరం అయిదోవంతు పెరుగుతుంది. వెనక నుంచి గాలి తోస్తే ఇంకొంత. రన్‌వే తడిగా ఉంటే టైరు నీటి పొర మీద తేలిపోతుంది. వానలో బైక్ బ్రేకు నొక్కితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, అదే. గడ్డి రన్‌వే అయితే సెస్నా పుస్తకమే నేల మీద పరుగుకు 45 శాతం కలుపుకోమంటుంది. వీటన్నిటికీ తోడు రన్‌వే మొదట్లో తాకాల్సిన చక్రాలు మధ్యలో తాకితే ఇక మిగిలేది తక్కువ. 2020 ఆగస్టు 7 రాత్రి కోళికోడ్‌లో పెద్ద విమానానికి జరిగింది ఇదే. వాన, వెనక గాలి, సుమారు 2,700 మీటర్ల రన్‌వేలో సగం దాటాక చక్రాలు తాకడం. 190 మందిలో 21 మంది పోయారు. 2010లో మంగళూరులో 158 మంది పోయిన ప్రమాదం కూడా రన్‌వే దాటినదే.

ఇలాంటప్పుడు పైలట్ చేయగలిగిన మంచి పని దిగకుండా మళ్లీ పైకి లేచి ఒక చుట్టు తిరిగి రావడం. మన విమానం అలా లేచిపోతే లోపల కూర్చున్నవాళ్లు "దిగడం చేతకాలేదు" అని గొణుక్కుంటారు. నేనైతే ఆ పైలట్‌కి దండం పెడతాను.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట. రన్‌వే చివర గోడ పక్కన బండి ఆపుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని విమానాలు చూడడం అన్ని ఊళ్లలోనూ మొదలవుతుంది, మన దగ్గరా మొదలవుతుంది. చూడండి, కానీ రన్‌వే గీతకు నేరుగా ఎదురుగా కాకుండా పక్కకు జరిగి. 2005 డిసెంబరులో షికాగో మిడ్‌వేలో ఒక విమానం మంచులో ఆగక, కంచె తెంచుకుని రోడ్డు మీదికి వచ్చింది. విమానంలో ఎవరూ చనిపోలేదు. రోడ్డు మీద కారులో ఉన్న ఆరేళ్ల పిల్లాడు చనిపోయాడు.

మొదటి నిమిషం: గట్టు మీదే నిలబడండి

శబ్దం వినగానే కాళ్లు వాటంతట అవే పరుగెడతాయి. ఆపండి. ఒక వంద మీటర్ల దూరంలో గట్టు మీద నిలబడి నాలుగు సంగతులు చూడండి.

మంట గానీ పొగ గానీ ఉందా. ముందున్న ఫ్యాను తిరుగుతోందా (తిరిగే ఫ్యాను కంటికి కనిపించదు, ఇంజిన్ చప్పుడు వింటేనే తెలుస్తుంది). కరెంటు తీగలు తెగి పడ్డాయా. గాలి ఎటు నుంచి ఎటు వీస్తోంది.

గాలి సంగతి మన తీరంలో తేలిక. మధ్యాహ్నం తిరిగాక సముద్రం వైపు నుంచి వస్తుంది, రాత్రి పూట నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. అనుమానం ఉంటే తాటాకులు చూడండి, లేదా తువ్వాలు పైకెత్తి పట్టుకోండి. గాలి మీ వీపుకు తగిలేలా నడవాలి. అప్పుడు పొగా, పెట్రోలు ఆవిరీ, మంటా అన్నీ మీకు ఎదురు రాకుండా అవతలికి పోతాయి. సరుగుడు తోపు, ఎండిన జీడాకు ఉన్న చోట ఇది మరీ ముఖ్యం. నిప్పు ఆకుల మీద మనకన్నా వేగంగా నడుస్తుంది.

తీగలు తెగి ఉంటే ఎవరూ దగ్గరికి పోకూడదు. 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించండి, మీ లైన్‌మన్ నంబరు ఉంటే అతనికీ చేయండి. తీగ విమానం మీద పడి ఉంటే, మంట లేనంతవరకు లోపలివాళ్లను లోపలే కూర్చోమని కేకవేసి చెప్పండి.

విమానం బూడిద రంగులో ఉండి సైనికులదిలా కనిపిస్తే, విశాఖలో నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది కాబట్టి అదీ అసాధ్యం కాదు, ఇక దగ్గరికి వెళ్లడం గురించి ఈ కింద రాసిందేదీ చేయకండి. వాటిలో కొన్నిటికి సీటు కింద పేలుడు మందు ఉంటుంది, మనిషిని సీటుతో సహా పైకి ఎగరేయడానికి. పసుపు, నలుపు చారల పిడి గానీ ఎర్ర త్రికోణం గుర్తు గానీ కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి. దూరంగా ఉండి ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఏం చెప్పాలి

ఒక్కరే చేయాలి. పదిమంది పది నంబర్లకు చేస్తే పది రకాల ఊళ్ల పేర్లు వెళ్తాయి. 112కి చేయండి. అది తగలకపోతే 101, 108. "విమానం పడిపోయింది!" అని అరిచి ఫోన్ పెట్టేసేవాళ్లు నూటికి డెబ్బై మంది (ఇది నా విసుగు లెక్క, సర్వే కాదు). ఇలా చెప్పండి:

"విజయనగరం జిల్లా, ఫలానా మండలం, ఫలానా ఊరు. పదహారో నంబరు హైవే మీద ఫలానా జంక్షన్ దగ్గర సముద్రం వైపు తిరగాలి. చిన్న విమానం, ముందు ఫ్యాను ఉంది. తలకిందులైంది. మంట లేదు, పెట్రోలు వాసన వస్తోంది. లోపల ఇద్దరు కనిపిస్తున్నారు. చెరువు గట్టు దాకా లారీ వస్తుంది, ఆ తర్వాత బురద."

ఆ చివరి వాక్యం అందరూ మర్చిపోతారు. ఊడ్పుల కాలంలో ఫైరింజన్ మడిలో దిగబడిపోతే దాన్ని లాగడానికే గంట పడుతుంది. విమానం ఒంటి మీద ఇంగ్లిష్‌లో వీటీ అని మొదలయ్యే అయిదు పెద్ద అక్షరాలు ఉంటాయి. మన దేశంలో నమోదైన పౌర విమానాలన్నిటికీ అదే మొదలు. దూరం నుంచి చదవగలిగితే అవీ చెప్పండి. విమానాల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్లు క్షణాల్లో ఎవరి విమానమో, లోపల ఎంతమందో తెలుసుకోగలరు.

ఫోన్ పెట్టగానే బైక్ ఉన్న కుర్రాణ్ని ఒకణ్ని జంక్షన్‌కి పంపండి. అంబులెన్సు వచ్చేదాకా అక్కడే నిలబడి దారి చూపించడమే అతని పని. వెనక్కి వచ్చి చూడాలని అతనికి చాలా ఉంటుంది. రావద్దని గట్టిగా చెప్పండి.

జనాన్ని ఆపడం

ఊరికి ఇద్దరు పెద్ద గొంతులవాళ్లు ఉంటారు, అమ్మవారి సంబరంలో తాడు పట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లకు ఈ పని అప్పగించండి. వంద మీటర్ల లోపలికి ముగ్గురు నలుగురు తప్ప ఎవరూ రాకూడదు. బీడీ, చుట్ట ఆర్పేయాలి. దగ్గర్లో ఉన్న బైకులు, ట్రాక్టర్లు స్టార్ట్ చేయకూడదు, ఉన్నచోటే వదిలేయాలి. రాత్రయితే సెల్‌ఫోన్ టార్చి, లాంతరు కాదు.

క్యాన్లు పట్టుకుని వచ్చేవాళ్లను మాత్రం మొహమాటం లేకుండా తరిమేయండి. దీనికో కారణం ఉంది. చిన్న ఇంజిన్ విమానాల పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. మనకు రేషన్ కిరసనాయిలు కూడా నీలంగానే అలవాటు. కారుతున్న నీలం ద్రవాన్ని చూసి "కిరసనాయిలే కదా" అనుకుంటారు. కాదు. అది పెట్రోలుకన్నా ఏ మాత్రం తక్కువ కాదు, పైగా అందులో సీసం ఉంటుంది. సెస్నా 172 రెక్కల్లో నిండుగా ఉంటే 200 లీటర్ల పైచిలుకు పడుతుంది. రెక్కలు తల పైన ఉండే విమానం కాబట్టి, రెక్క చిట్లితే అది తలుపు దగ్గర నిలబడినవాళ్ల నెత్తినే కారుతుంది.

దగ్గరికి వెళ్లడం

ముందు వైపు నుంచి వెళ్లకండి. ఫ్యాను ఆగి ఉన్నా సరే. ఈ ఇంజిన్లకు మంటకు కావలసిన నిప్పురవ్వను మాగ్నెటో అనే పరికరం సొంతంగా పుట్టిస్తుంది, బ్యాటరీతో పని లేదు. తాళం చెవి తిప్పి ఆపకపోతే, వేడిగా ఉన్న ఇంజిన్‌లో ఆగిన ఫ్యానును చేత్తో కాస్త కదిపినా ఒక్కసారి గిర్రున తిరగవచ్చు. ఫ్యాను అడ్డం వచ్చిందని పక్కకు నెట్టబోయి చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. తోక వైపు నుంచి, కాస్త పక్కగా, రెక్క వెనక నుంచి తలుపు దగ్గరికి రండి. రెండు ఇంజిన్ల విమానమైతే ఫ్యాన్లు రెక్కల మీద ఉంటాయి, తలుపుకు దగ్గరే. జెట్ అయితే ఇంజిన్ ముందుకీ వెనక్కీ పోకండి.

తోక దగ్గర గానీ వెనక అద్దం పైన గానీ రాకెట్ హెచ్చరిక స్టిక్కరు కనిపిస్తే ఆ వైపు వాలకండి, ఎక్కకండి, కొయ్యకండి. సిరస్ లాంటి కొన్ని విమానాలకు మొత్తం విమానాన్నే దించే పారాచూట్ ఉంటుంది. దాన్ని బయటికి తోసేది చిన్న రాకెట్. వాడని రాకెట్ లోపల అలాగే ఉంటుంది.

తలుపు పిడి తిప్పితే రాకపోతే రెండోసారి బలంగా లాగండి. విమానం ఒళ్లు సొట్ట పడితే తలుపు బిగుసుకుంటుంది. అప్పుడు అవతలి తలుపు చూడండి. అదీ రాకపోతే కిటికీ. అది గాజు కాదు, ప్లాస్టిక్ లాంటిది. మధ్యలో కొడితే గునపం ఎగిరి వస్తుంది, మూలలో కొట్టండి. కొట్టే ముందు లోపలి మనిషి మొహం మీద గుడ్డ కప్పమని చెప్పండి.

పైలట్‌కు స్పృహ ఉంటే అతను చెప్పినట్టు చేయండి. అతనికి విమానం తెలుసు, మనకు తెలీదు. స్పృహ లేకుండా ఇంజిన్ ఇంకా తిరుగుతుంటే, సెస్నాల్లో ముందు పలక మీద ఎర్ర గుండు పిడి ఒకటి ఉంటుంది. నల్లది కాదు, ఎర్రది. దాన్ని బయటికి పూర్తిగా లాగితే ఇంజిన్‌కు పెట్రోలు ఆగిపోతుంది. ఆ తర్వాత తాళం చెవి ఎడమ చివరకు తిప్పండి. ఇవి రెండూ చాలు, మిగతా స్విచ్చుల జోలికి పోకండి.

బెల్టు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. చిన్న విమానం మెత్తటి నేలలోకి పోతే ముందు చక్రం కూరుకుపోతుంది. వెనక భాగం లేచి మొత్తం విమానం తలకిందులవుతుంది. దున్నిన పొలంలోకో, వరి మడిలోకో వస్తే ఇది చాలా మామూలు. లోపలి మనుషులు బెల్టుకు తలకిందులుగా వేలాడుతుంటారు.

చాలా ఏళ్ల కిందట, వేరే రాష్ట్రంలో, ఒక శిక్షణ రన్‌వే పక్కన పొలంలో సరిగ్గా ఇలాగే జరిగింది. మేము గోడ చుట్టూ తిరిగి వచ్చేసరికి ఊళ్లోవాళ్లు కుర్రాణ్ని బయటికి తీసేశారు. ఒక్క గీత కూడా పడకుండా బతికి వేలాడుతున్న పిల్లాడు. ఎవరో పాపం జాలిపడి బెల్టు బకుల్ నొక్కారు. ధబ్బున తల మీద పడ్డాడు. ప్రమాదంలో తగలని దెబ్బ బెల్టు విప్పినప్పుడు తగిలింది. బతికాడు, కానీ ఆరు నెలలు మెడకు పట్టీ. బకుల్ నొక్కిన పెద్దాయన ఆ సాయంత్రమంతా మా బండి పక్కనే కూర్చుని "నేనేం తప్పు చేశాను బాబూ" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

కాబట్టి ముగ్గురు కావాలి. ఒకరు లోపలికి దూరి, వేలాడుతున్న మనిషి భుజాల కింద తన వీపు గానీ రెండు చేతులు గానీ ఆనించాలి. రెండోవారు నడుము దగ్గర ఎత్తి పట్టాలి. స్పృహ ఉంటే ఆ మనిషినే ఒక చేత్తో పైకప్పును, అంటే ఇప్పుడు నేలైన దాన్ని, గట్టిగా నొక్కి ఉంచమనాలి. "ఒకటి, రెండు, మూడు" అన్నాకే మూడోవారు బకుల్ విప్పాలి. బరువు మీ చేతుల్లోకి వచ్చాక నెమ్మదిగా, మెడ వంగకుండా దించాలి.

బకుల్ రాకపోతే కొడవలి ఉంది కదా. పదును మనిషి వైపు కాకుండా బయటికి ఉండేలా, బెల్టు కింద నుంచి పెట్టి కోయండి. పైలట్ కాళ్లు పెడళ్ల మధ్య ఇరుక్కుంటే కాలు లాగకండి, బూటు లేసు కోసి కాలు బయటికి తీయండి. బూటు అక్కడే ఉండనివ్వండి.

విమానం నిటారుగానే ఉండి, మంట లేక, పెట్రోలు వాసన రాక, మనిషి ఊపిరి తీస్తుంటే అసలు బయటికి తీయకండి. వెనక నుంచి తల రెండు వైపులా పట్టుకుని "కదలకు నాన్నా, అంబులెన్సు వస్తోంది" అని మాట్లాడుతూ ఉండండి. రక్తం కారుతుంటే శుభ్రమైన తువ్వాలు మడిచి గట్టిగా నొక్కండి, మాటిమాటికీ తీసి చూడకండి. నీళ్లు, గోళీ సోడా తాగించకండి. ఆస్పత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

మంటో, పొగో, బాగా పెట్రోలో ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగేయండి. మెడ సంగతి తర్వాత. ఈ విమానాల రేకు పలచన, పెట్రోలు మంట దాన్ని ఒకట్రెండు నిమిషాల్లో తినేస్తుంది.

పెట్రోలు తడిసిన బట్టలు విప్పించి నీళ్లతో కడగండి. కాలిన చోట 20 నిమిషాల పాటు మామూలు నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పేడ, కోడిగుడ్డు సొన వద్దు. వీటిని కడగడానికి డాక్టరు మళ్లీ ఆ పుండునే రుద్దాల్సి వస్తుంది.

మంట ఆర్పడం గురించి

పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది నీటి మీద తేలుతూ మడి అంతా పాకుతుంది. బోరు మోటారు వేయకండి. చిన్న మంటయితే ఇసుక చల్లండి, మన దగ్గర దానికి కొదవ లేదు. పెట్రోలు బంకులోనో, బస్సులోనో ఉండే ఎర్ర సిలిండర్ పొడి పనికొస్తుంది. గాలి వీపున ఉంచుకుని మంట మొదట్లో కొట్టండి. ఒక సిలిండర్‌తో ఆగకపోతే ఇక వదిలేయండి. మనుషులు బయటికి వచ్చేశాక విమానం కాలిపోతే పోనీ.

మీరే లోపల ఉంటే

చిన్న విమానం ఎక్కేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికి తక్కువే, కానీ శిక్షణకు వెళ్లే పిల్లలు ఎక్కువవుతున్నారు. బయలుదేరే ముందే తలుపు మీ చేత్తో ఒకసారి తీసి వేసి చూసుకోండి. చీకట్లో, తలకిందులుగా అదే పిడి వెతకాలి. బెల్టు పొట్ట మీద కాకుండా తొడల పైన, ఎముక మీద, గట్టిగా. భుజం పట్టీ తప్పకుండా. ఆగడం లేదని పైలట్ అంటే తలుపు గడియ కాస్త తీయమంటాడు, బిగుసుకుపోకుండా. మీ కళ్లజోడు, జేబులో పెన్ను తీసేసి, తల దించి, చేతులు తల మీద కప్పుకోండి.

పూర్తిగా ఆగాకే బెల్టు విప్పండి. సంచి, ల్యాప్‌టాప్ అక్కడే వదిలేయండి. దిగాక తోక వైపు, గాలికి ఎదురుగా, వంద అడుగులు. అక్కడ ఒకచోట చేరి తలకాయలు లెక్కపెట్టుకోండి.

ఎక్కడ నిలబడుతున్నారో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 11 రాత్రి జి.సిగడాం మండలం బాతువ దగ్గర ఆగిన రైలు దిగి పక్క పట్టాల మీద నిలబడ్డవాళ్లను కోణార్క్ ఎక్స్‌ప్రెస్ గుద్దేసింది. రన్‌వే మీద, రోడ్డు మధ్యలో నిలబడితే వచ్చే ఫైరింజన్ దుమ్ములో మిమ్మల్ని చూడకపోవచ్చు.

అంబులెన్సు వెళ్లిపోయాక

అసలు తిప్పలు అప్పుడు మొదలవుతాయి. జాతర. సెల్ఫీలు. పిల్లలు తలా ఒక ముక్క జేబులో వేసుకుంటారు. పెద్ద విమానాల్లో మాటలు, వేగం రికార్డు చేసే పెట్టెలు ఉంటాయి (నల్లపెట్టె అంటాం గానీ రంగు నారింజ). చిన్న వాటిలో చాలాసార్లు అవి ఉండవు. అంటే రన్‌వే మీద టైరు గీతలు, పొలంలో చక్రాల చాళ్లు, గట్టు మీద గీరిన గుర్తు, ఎక్కడ ఏ ముక్క పడింది, ఇవే ఆ విమానానికి పెట్టె. దర్యాప్తు చేసే విమాన ప్రమాదాల విభాగం ఢిల్లీ నుంచి రావాలి. వాళ్లు వచ్చేలోపు ఆ చాళ్ల మీదుగా ట్రాక్టరు పోతే సగం కథ పోయినట్టే. మనుషుల్ని తీయడానికి, మంట ఆపడానికి తప్ప శకలాలను కదపకూడదనేది చట్టం కూడా. తాళ్లు, వెదురు బొంగులు కట్టి పోలీసులు వచ్చేదాకా కాపలా పెట్టండి. లోపల నారింజ రంగు చిన్న పెట్టె మెరుస్తూ ఉంటే ముట్టుకోకండి, అది ఎక్కడ ఉన్నామో ఉపగ్రహానికి చెప్పే సాధనం.

ఫొటోలు తీయడం తప్పు కాదు, దూరం నుంచి, చక్రాల గుర్తులు కనిపించేలా తీస్తే మంచిదే. గాయపడినవాళ్ల మొహాలు వాట్సాప్‌లో పెట్టకండి. అది వాళ్లమ్మ చూస్తుంది, ఆస్పత్రి నుంచి ఫోన్ రాకముందే.

మీరు కళ్లారా చూసినవాళ్లయితే ఆ రాత్రికే ఫోన్‌లో మీ మాటల్లో రికార్డు చేసుకోండి. సమయం ఎంత, నేల తడిగా ఉందా, గాలి ఎటు, ఇంజిన్ చప్పుడు ఎలా వచ్చింది, చక్రాలు రన్‌వే మీద ఎక్కడ తాకాయి. తెల్లారేసరికి టీకొట్టు దగ్గర అందరి కథలూ కలిసిపోయి ఒకే కథ అవుతుంది. అందులో విమానం ఆకాశంలోనే మండుతుంటుంది, పైలట్ తాగి ఉంటాడు. మీరు చూసింది మాత్రమే చెప్పండి. చూడనిది అడిగితే చూడలేదనండి.

పొలం మీదైతే పంట నష్టం ఫొటోలు తేదీతో సహా తీసి, వీఆర్వోకి చెప్పి పంచనామా రాయించుకోండి, నకలు అడిగి తీసుకోండి. విమానం ఎత్తుకుపోయాక ఎవరూ మీ ఇంటికి వచ్చి అడగరు. పెట్రోలు పడిన మట్టిని తీయించే బాధ్యత ఎవరిదో ఆ కాగితంలోనే రాయించండి. ఆ మడిలో గడ్డి కోసి పశువులకు వేయకండి, పక్క గెడ్డలో నీళ్ల మీద రంగు రంగుల తెట్టు కనిపిస్తున్నన్ని రోజులు గేదెల్ని అటు దించకండి.